మాదాపూర్‌కొక బేస్‌బాల్ గ్రౌండు

మాదాపూర్‌లో ఒక బేస్‌బాల్ గ్రౌండు కట్టించాలని ప్రభుత్వం వారికి సవినయంగా విన్నవించుకుంటున్నాను. సరదాకి అడగడం లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచింది మొదలు ఈ చుట్టుపక్కల జనమంతా బేస్‌బాల్ భాషలోనే బతుకుతున్నారు. ఆ ఆటను కళ్లారా చూసినవాడు మాత్రం ఫ్లోరుకు ఒక్కడైనా దొరకడు.

సోమవారం పొద్దుటి మీటింగే తీసుకోండి. "మాడ్యూల్ ఎప్పటికవుతుంది? బాల్‌పార్క్ చెప్పు చాలు" అంటారు మేనేజర్ గారు, ఉజ్జాయింపుగా చెప్పమని. "క్లయింట్ కర్వ్‌బాల్ వేశాడు సార్, సాయంత్రం టచ్ బేస్ చేద్దాం" అంటాడు భీమవరం కుర్రాడు, అంటే అనుకోని మెలిక పెట్టాడు, సాయంత్రం ఓసారి మాట్లాడుకుందాం అని. ఇద్దరూ తృప్తిగా లేస్తారు. మాడ్యూల్ ఎప్పటికవుతుందో తేలనే లేదు. తేలలేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టదు. ఇదే ముక్కను వాళ్ల నాన్న ఊళ్లో "చూద్దాం లెండి, సాయంత్రం కనబడతా" అని చెబితే, అప్పు ఎగ్గొట్టే బాపతని అనుమానిస్తారు. కొడుకు చెబితే కమ్యూనికేషన్ స్కిల్స్ అంటారు, అప్రైజల్‌లో మంచి రేటింగ్ కూడా ఇస్తారు.

కొత్తగా చేరిన పిల్లల పాట్లు వేరు. ముందుకొచ్చి బాధ్యత తీసుకోమనడానికి "స్టెప్ అప్ టు ది ప్లేట్" అని మధ్యాహ్నం ఒంటిగంటకు అంటే, క్యాంటీన్ వైపు నడవడం వాళ్ల తప్పా? ఆ ప్లేటు బ్యాటింగ్ చేసేవాడి పక్కన నేలలో బిగించిన 17 అంగుళాల రబ్బరు పలక అని ట్రైనింగులో ఎవరైనా చెప్పారా?

మనకు సొంత సరుకు లేక కాదు. గూగ్లీ ఉంది, నో బాల్ ఉంది, డకౌట్ ఉంది. అవి వాడితే అవతలివాళ్లకు అర్థం కాదట! 2024 వరల్డ్ కప్‌లో డల్లాస్ దగ్గర పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది అమెరికా జట్టే కదా? పైగా ఆ ఓవర్ వేసిన నేత్రావల్కర్ సాక్షాత్తూ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పుట్టింది ముంబైలో అంటారా, అది వేరే సంగతి.

ఇక స్థలం. పరుగు తీసేవాడు వరసగా తాకాల్సిన గుర్తులే బేసులు; బేసుకూ బేసుకూ మధ్య 90 అడుగులు. అంటే నాలుగు బేసుల నడుమ చదరం సరిగ్గా 900 గజాలు. అంతపాటి ఖాళీ జాగా ఒకటి నా కంట పడింది కూడా. నిన్న వెళ్లేసరికి అక్కడ బోరు లారీ ఆగి ఉంది. ప్రహరీకి బ్యానర్ కూడా కట్టేశారు: "మెన్స్ హాస్టల్. త్రీ షేరింగ్. అడ్వాన్స్ బుకింగ్ జరుగుచున్నది."