42 నిమిషాల ప్రసంగంలో శాసనసభ ఒక్కసారే

2023 నవంబరు. తెలంగాణ శాసనసభ ఎన్నికల ప్రచారం నడుస్తోంది. దీపావళి వెళ్లి రెండు మూడు రోజులైంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక ప్రధాన పార్టీ తన అభ్యర్థితో నియోజకవర్గ స్థాయి కార్యకర్తల సమావేశం పెట్టింది. నేను ఏ పార్టీలోనూ సభ్యుణ్ణి కాను. కానీ మా ప్రాంతంలో ఎవరు సమావేశం పెట్టినా వెళ్లి వెనక వరుసలో కూర్చొని వినడం ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటు. ఆ పార్టీ పేరు, అభ్యర్థి పేరు ఇక్కడ రాయడం లేదు. అదే నెలలో మిగతా రెండు పార్టీల సమావేశాలకూ వెళ్లాను. కండువా రంగు మారిందే తప్ప ప్రసంగం మారలేదు. ఒకరి పేరు రాసి మిగతా ఇద్దరిని వదిలేస్తే అది న్యాయం కాదు.

సమావేశం పదకొండు గంటలకన్నారు. అభ్యర్థి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఈలోగా కళాకారుల బృందం పాటలు పాడింది. భోజనాల దగ్గర వరుసలు మొదలయ్యాయి. ఎన్నికల సంఘం పంపిన వీడియో బృందంలోని ఒక యువకుడు కెమెరాతో హాలంతా తిరుగుతూ కుర్చీలను, ఫ్లెక్సీలను, వేదికను చిత్రీకరించాడు. శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షల రూపాయలు దాటకూడదు కాబట్టి కుర్చీకింత, భోజనానికింత, మంచినీళ్ల సీసాకింత అని జిల్లా అధికారులు ముందే ధరల పట్టిక ప్రకటిస్తారు. ఆ లెక్క ప్రకారం ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడుతుంది. మంచి ఏర్పాటే. అయితే వేదిక మీది మాటకు అలాంటి పద్దు ఏదీ లేదు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ఎన్నికల సంఘం మేనిఫెస్టోలకు ఒక నియమం పెట్టింది. హామీ ఎందుకు ఇస్తున్నారో, దానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని దాని సారాంశం. మేనిఫెస్టోను చదివేవారు కొద్దిమంది. ఊరు ఊరంతా వినేది ప్రసంగాన్ని. ఆ నియమం ప్రసంగం దాకా రాలేదు.

అభ్యర్థి మైకు అందుకోగానే గడియారం చూసుకున్నాను. ముగిసేసరికి 42 నిమిషాలైంది. మొదటి పది నిమిషాలు ఓరుగల్లు ఘనత. రుద్రమదేవి, సమ్మక్క సారలమ్మలు, కాళోజీ, జయశంకర్ సార్, పీవీ నరసింహారావు అందరూ వరుసగా వచ్చారు. ఆ తరువాత పదిహేను నిమిషాలకు పైగా ప్రత్యర్థిని తిట్టడం. కొన్ని మాటలు ఇక్కడ రాయదగినవి కావు. తరువాత తమ అధినేత పొగడ్త. చివరి ఐదారు నిమిషాల్లో హామీలు: కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ, మామునూరుకు విమానాశ్రయం, టెక్స్‌టైల్ పార్కులో ఇంటికో ఉద్యోగం, నగరమంతా భూగర్భ డ్రైనేజీ.

ప్రసంగం అంతటిలో శాసనసభ అన్న మాట ఒక్కసారే వినిపించింది. ‘నన్ను అసెంబ్లీకి పంపించండి’ అన్నారు. అక్కడికి వెళ్లి ఏం చేస్తారో చెప్పలేదు. ఏ శాఖ పద్దు మీద మాట్లాడతారో, ఏ ప్రశ్న వేస్తారో, ఏ చట్టంలో ఏ సవరణ కోరతారో ఒక్క ముక్క లేదు. ఏ ఉద్యోగం కోసం ఆయన ఓటు అడుగుతున్నారో ఆ ఉద్యోగం గురించి 42 నిమిషాల్లో ఒక్క నిమిషమైనా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలని విషయం ఇదే.

హామీలను ఒక్కొక్కటిగా చూద్దాం. కోచ్ ఫ్యాక్టరీ కాజీపేటకు కొత్త ఆశ కాదు, పాత గాయం. 1980లలో మనకు రావలసింది పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయిందన్న బాధ ఇక్కడి రెండు తరాల్లో ఉంది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటు సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. పరిశీలించాలన్నారే గాని పెట్టాలనలేదు. తొమ్మిదేళ్ల తరువాత, 2023 జూలై 8న, ప్రధాని హనుమకొండకు వచ్చి కాజీపేటలో 500 కోట్లకు పైబడిన రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అంటే మన అభ్యర్థి మాట్లాడుతున్న రోజుకు ఆ శంకుస్థాపన జరిగి నాలుగు నెలలైంది. ఈ కథలో ఎక్కడా శాసనసభ్యుడి సంతకం అవసరమైన చోటు లేదు. అది రైల్వే శాఖ నిర్ణయం. ‘నేను తెస్తాను’ అనడానికి ఆయన చేతిలో ఏ అధికారమూ లేదు.

విమానాశ్రయం సంగతి కొంచెం వేరు. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న ఒప్పందం చాలా కాలం అడ్డుపడింది. 2024 నవంబరులో భూసేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. అనుమతి కేంద్రానిదే అయినా భూమి రాష్ట్రానిది. ఇక్కడ శాసనసభ్యుడికి నిజంగా పని ఉంది. భూమి పోయే రైతుకు ఎకరానికి ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, తెగిపోయే ఊరి దారికి బదులు ఏ దారి వేస్తారు? వీటిని సభలో నిలదీయవచ్చు. అభ్యర్థి ఆ రోజు విమానం ఎగరడం గురించి మాట్లాడారు. అది దిగే నేల ఎవరిదో తలచుకోలేదు.

కార్యకర్తల సమావేశంలో ఇవన్నీ ఎవరు వింటారు, వారిలో ఉత్సాహం నింపితే చాలదా అని పార్టీ మిత్రుడొకరు నన్ను అడిగారు. సులువుగా తోసేయగల ప్రశ్న కాదది. కానీ ఆ కార్యకర్త మరునాడు ఉదయం ఓటరు జాబితా పట్టుకుని గడప గడపకూ వెళ్లాలి. గడపలో నిలబడిన ఇల్లాలు ‘మీవాడు గెలిస్తే మాకేం చేస్తాడు’ అని అడుగుతుంది. అప్పుడతని చేతిలో ఏముంది? ప్రత్యర్థి మీద నాలుగు తిట్లు, ఎన్నో ఎన్నికల నుంచి వింటున్న కోచ్ ఫ్యాక్టరీ. మండుటెండలో, మంచులో తిరిగే ఆ మనిషికి అభ్యర్థి ఇవ్వవలసిన కనీసపు సరంజామా ఇది కాదు.

వేదిక మీద తలచుకున్న పెద్దలనే తీసుకోండి. పీవీ 1957 నుంచి 1977 వరకు మంథని నుంచి శాసనసభ్యుడిగా ఉన్నారు. ముఖ్యమంత్రిగా భూపరిమితి బిల్లును సభలో నెగ్గించారు. దాని కోసం సొంత పార్టీలోని భూస్వాములతోనే వైరం తెచ్చుకున్నారు. కాళోజీ 1958 నుంచి రెండేళ్లు శాసనమండలిలో ఉన్నారు. ఇద్దరూ చట్టసభను పని చేసే చోటుగా ఎరిగినవారు. వారి పేర్లు చెప్పి చప్పట్లు అందుకున్న మనిషి వారు చేసిన పనిని మాత్రం అక్కడే వదిలేశారు.

ప్రసంగం మొత్తం డొల్ల అంటే అబద్ధమవుతుంది. మధ్యలో, బహుశా ఇరవై ఐదో నిమిషం దగ్గర, ఆయన కాగితం పక్కన పెట్టి తన తండ్రి గురించి చెప్పారు. చిన్నప్పుడు తండ్రితో కలిసి పత్తి బండి మీద ఎనుమాముల మార్కెట్‌కు వచ్చేవారట. కాంటా అయ్యే వరకు రాత్రంతా బస్తాల మీదే పడుకునేవారట. తెల్లవారుజామున మంచు పడితే తండ్రి తాను కప్పుకున్న గొంగడి తీసి కొడుకు మీద కాకుండా పత్తి మీద కప్పేవాడట. పత్తి తడిస్తే ధర పోతుందని. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు తడబడింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న హాలు చడీచప్పుడు లేకుండా అయింది. నా ముందు వరుసలో ఒక ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకూ గుండె పట్టేసినట్టయింది.

ఆ గొంగడి కింద ఒక పూర్తి ప్రసంగం ఉంది. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,020 రూపాయలు. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ ఆ ధర ఇవ్వాలంటే తేమ 8 శాతం మించకూడదు. ఆ పైన ఒక్కో శాతానికి కోత. 12 దాటితే కొనరు. నవంబరు మంచులో తీసిన పత్తిలో తేమ ఎంత ఉంటుందో ఆ హాలులో ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. వెనక్కి తిప్పి పంపిన పత్తి ప్రైవేటు వ్యాపారి దగ్గరకు పోతుంది. అతడు చెప్పిందే ధర. సీసీఐ కేంద్రానిది కావచ్చు. కానీ మార్కెట్ యార్డులు, మార్కెట్ కమిటీలు రాష్ట్రానివి. ఆరబెట్టుకునే కల్లాలు ఎన్ని, షెడ్లు ఎన్ని, తేమ కొలిచే యంత్రాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారు, యార్డు వసూలు చేసే సెస్సు ఎక్కడ ఖర్చవుతోంది? ఇవన్నీ శాసనసభలో ఒక సభ్యుడు లిఖితపూర్వకంగా అడిగి మంత్రితో జవాబు చెప్పించగలిగినవే. తండ్రి గొంగడి దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చి ఉంటే, నేను విన్న ఎన్నికల ప్రసంగాలన్నిటిలో అదే గొప్పదయ్యేది. ఆయన కళ్లు తుడుచుకుని మళ్లీ ప్రత్యర్థి మీదికి వెళ్లిపోయారు. ఒకసారి తలుపు తెరిచి, వెంటనే మూసేశారు.

టికెట్ ఇచ్చేది అధిష్ఠానం, సభలో ఎటు ఓటు వేయాలో చెప్పేది విప్ (పార్టీ ఆదేశం), మధ్యలో ఎమ్మెల్యే ఏం చేయగలడు అన్న వాదన ఒకటుంది. విప్ సంగతి నిజమే. 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను కాదని ఓటు వేస్తే పదవి పోవచ్చు. కానీ ఆ షెడ్యూలు కట్టేసింది ఓటునే, నోటిని కాదు. ప్రశ్న వేసినందుకు ఎవరి సభ్యత్వమూ పోదు. ఈ అవకాశం ఉందని గుర్తుచేసేవారు సమావేశాల్లో లేకపోవడం అసలు లోటు.

గుర్తుచేయబోయిన మనిషి ఒకరు ఆ రోజు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. నగరంలోని ఒక లోతట్టు కాలనీ నుంచి వచ్చిన బూత్ కమిటీ సభ్యురాలు. యాభై ఏళ్లు ఉంటాయి. ఆ జూలైలో వానలు మా ప్రాంతాన్ని ముంచెత్తాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగింది. వరంగల్‌లో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో తేలాయి. ఆమె ఇంట్లో వరద ఛాతీ దాకా వచ్చిందట. ప్రసంగం నడుస్తుండగా ఆమె కరపత్రం వెనక వైపు పెన్నుతో ఏదో రాసుకుంటూ కనిపించారు. అడిగితే చూపించారు: ‘నాలా గోడ ఎక్కడి నుంచి ఎక్కడి వరకు? ఎప్పటిలోగా?’

ప్రసంగం ముగియగానే ఆమె లేచి ‘అన్నా, ఒక్క మాట’ అని గట్టిగా పిలిచారు. రెండోసారి పిలిచాక అభ్యర్థి ఇటు చూశారు. ఆమె కాగితం చూసి చదివారు. ఆయన నవ్వి, ‘గెలిపించండి అక్కా, అన్నీ చూసుకుందాం’ అన్నారు. చుట్టూ ఉన్నవారు జిందాబాద్ కొట్టారు. ఆమె ఇంకా నిలబడే ఉన్నారు. డప్పులు మొదలయ్యాయి. ఆమె అడిగినది రెండు ముక్కల ప్రశ్న: ఎంత దూరం, ఎప్పటికి. ఇరవై ఏళ్లు జెండా మోసిన మనిషికి పార్టీ సమావేశంలో రెండు నిమిషాల జవాబు దక్కలేదు. దాన్ని పరాభవం అనకుండా ఉండలేను.

ఆ అభ్యర్థి గెలిచారా ఓడారా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. 2025 అక్టోబరు 29న మొంథా తుపాను వాన వరంగల్‌ను మళ్లీ ముంచింది. నాలుగు రోజుల తరువాత ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తడిసిన పరుపులు గేటు మీద ఆరుతున్నాయి. లోపలి గోడ మీద 2023 జూలై అని పెన్నుతో గీసిన గీత ఉంది. దాని కింద జానెడు దూరంలో కొత్త బురద చార. ఆమె మనవడు ఎత్తుపీట ఎక్కి, ఆ చార పక్కన తేదీ రాస్తున్నాడు.