టార్చ్ రిపోర్టుపై టెన్షన్, చెత్తలోకి బొడ్డుతాడు

ఒక గర్భం నిలవకపోతే చాలు, మన దగ్గర చాలాచోట్ల ముందు రాసిచ్చేది టార్చ్ టెస్ట్. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్ లాంటివాటి యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష ఇది. వాటిలో ఐజీజీ అనే రకం యాంటీబాడీ పాజిటివ్ అని రాగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. చాలాసార్లు అది ఎప్పుడో వచ్చి తగ్గిన ఇన్‌ఫెక్షన్‌కు గుర్తు మాత్రమే. రుబెల్లా ఐజీజీ ఉంటే నిజానికి సంతోషించాలి, అది రక్షణ. కొత్త ఇన్‌ఫెక్షన్‌కు గుర్తుగా చూసే ఐజీఎం యాంటీబాడీనీ గుడ్డిగా నమ్మలేం, అది నెలల తరబడి నిలిచిపోవచ్చు.

తీరా నెలలు నిండకుండా కాన్పయినా, బిడ్డ కడుపులోనే పోయినా, అసలు సమాచారం దాగున్న మాయ, బొడ్డుతాడు నేరుగా ఆస్పత్రి వ్యర్థాల పసుపు సంచిలోకి పోతాయి. బొడ్డుతాడు రక్తం దాచుకోమంటూ వేలకు వేలు అడిగే ప్రకటనలకు మాత్రం కొదవ లేదు!

బొడ్డుతాడు వాపును ఫ్యూనిసైటిస్ అంటారు. అప్పుడు తాడులోని రక్తనాళాల గోడల్లోకి చొరబడేవి బిడ్డ తెల్ల రక్తకణాలు, తల్లివి కావు. అంటే బిడ్డ ఒంట్లోనే పోరు మొదలైందన్నమాట. తల్లికి జ్వరం లేకున్నా ఇది జరగొచ్చు. అలాగని నేరం వైరస్ మీదికి నెట్టేస్తే తొందరపాటే. ఎక్కువసార్లు కారణం కింది నుంచి ఉమ్మనీటిలోకి పాకిన బ్యాక్టీరియా. తాడు కణజాలం చచ్చిపోయేంత తీవ్రంగా ఉంటే సుఖవ్యాధి అయిన సిఫిలిస్‌ను, అరుదుగా హెర్పిస్‌ను అనుమానించాలి. వైరస్‌లు సాధారణంగా దెబ్బతీసేది మాయను. 2021 మొదట్లో ఐర్లండ్‌లో కొవిడ్ సోకిన కొందరు గర్భిణులకు బిడ్డలు కడుపులోనే చనిపోయారు. వైరస్ మాయను ఎంతగా పాడుచేసిందో ఆ మాయలను మైక్రోస్కోపు కింద పెట్టాకే స్పష్టమైంది.

కారణం తెలిస్తే చేయాల్సింది మారుతుంది. సిఫిలిస్ అయితే పెన్సిలిన్ ఉంది, భర్తకూ వైద్యం చేయించాలి. మాయలో సైటోమెగలో వైరస్ కనిపించి, బిడ్డ బతికి ఉంటే, పుట్టిన 21 రోజుల్లోపే మూత్రం లేదా లాలాజలం పరీక్షించాలి. ఆ గడువు దాటితే వైరస్ కడుపులో సోకిందా, బయట అంటుకుందా చెప్పడం కష్టం. అలాంటి బిడ్డకు వినికిడి తర్వాతెప్పుడో తగ్గవచ్చు కాబట్టి చెవి పరీక్షలు కొనసాగాలి.

ప్రతి కాన్పుకూ మాయ, బొడ్డుతాడు పరీక్ష అక్కర్లేదు. బిడ్డ చనిపోయినప్పుడు, బాగా ముందుగా పుట్టినప్పుడు, ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు చాలు. ప్రతి మెడికల్ కాలేజీలోనూ కణజాలాన్ని పరీక్షించే పథాలజీ విభాగం ఉంది. చిన్న ఆస్పత్రులు అక్కడికి పంపే ఏర్పాటును ప్రభుత్వమే చేయాలి. వెంటనే పంపలేకపోతే గడ్డకట్టనీయకుండా ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఉంచవచ్చు. మాయను పారేయకముందే పరీక్షకు పంపమని అడగడం కుటుంబం వంతు.