సౌండ్ లిమిటర్ గారికి మనవి

మహారాజశ్రీ సౌండ్ లిమిటర్ గారి సముఖమునకు,
స్టేజీ పక్క గోడ, సాల్ దె ఫెత్ (అద్దెకిచ్చే ఊరి ఫంక్షన్ హాలు), ఫ్రాన్సు.

ఉభయకుశలోపరి. హాల్లో చప్పుడు గీత దాటితే కరెంటు తీసేసే పెట్టె తమరు. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గోల్ పడగానే ఆ పనే చేశారు. ప్రొజెక్టర్ ఆరిపోయింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండగా హాలంతా తెల్లగోడ వంక చూస్తూ నిలబడింది. ఆ విషయమై నాలుగు ముక్కలు.

తమరి ఉద్యోగధర్మం తెలియనిది కాదు. పచ్చదీపమైతే కానివ్వండి, నారింజదైతే తగ్గించండి, ఎర్రదైతే కొన్ని సెకన్లు ఓపికపట్టి స్టేజీ ప్లగ్గులన్నీ కట్. కాసేపటికి దయతలచి తిరిగిస్తారు. అదే తప్పు రెండుమూడుసార్లు జరిగితే మాత్రం, మేరీ (ఊరి మున్సిపల్) ఆఫీసు నుంచి తాళంచెవి ఉన్నాయన వచ్చి రీసెట్ చేసేదాకా అంతే సంగతులు. ఆయన ఆదివారం ఫోనెత్తడు. 2017 నాటి ఫ్రాన్సు ప్రభుత్వ డిక్రీ 15 నిమిషాల సగటున 102 డెసిబెల్స్ దాకా ఓర్చుకుంటుంది. ఇరుగుపొరుగు ప్రశాంతత లెక్కగట్టి తమరికి ఆ గీతను ఇంకా కిందికి దించారు. సరే, ఒప్పుకున్నాం.

ఒప్పుకుని చేయాల్సినవన్నీ చేశాం కూడా. శనివారం బారసాలకి రెండు పెద్ద స్పీకర్ల బదులు నాలుగు చిన్నవి, సీలింగుకి వేలాడే తమ మైకుకి దూరంగా, జనం వైపు వంచి పెట్టించాం. డీజే చేత బేస్ తగ్గించాం. ఉక్కపోసి చస్తున్నా ఎమర్జెన్సీ తలుపు తీయలేదు, దానికీ ఒక సెన్సర్ తగిలించుకున్నారుగా, తెరిస్తే అదీ కట్టే.

అయినా డప్పు దగ్గర దొరికిపోయాం. అయ్యా, డప్పుకి వైరుండదు! మోగేది డప్పు, తమరు గొంతు పిసికింది స్పీకర్లకి. డప్పు ఆగితేగాని ఎర్రదీపం ఆరదు, ఊపుమీదున్నవాడికి ఆపమని సైగచేస్తే ఇంకా గట్టిగా కొడతాడు. ఈలోగా హఠాత్తుగా ఆగిన ఆంప్లిఫయర్ 'ఠప్'మంటుంది. ఆ దెబ్బకి స్పీకర్ పోతే డబ్బులు తమరిస్తారా?

రెండు డిపాజిట్ చెక్కులు (విరిగితే ఒకటి, తుడవకపోతే ఒకటి), బల్లమీద పసుపు మరక, ఫోర్కుల లెక్క, ఆదివారం ఒంటిగంటకే మూసేసే సూపర్‌మార్కెట్టు, సరిగ్గా ఒంటిగంటా అయిదుకి అయిపోయే పెరుగు: వీటి సంగతి ఇంకో ఉత్తరంలో.

మ్యాచ్ సంగతే మింగుడుపడటం లేదు. తమ మైకుకి స్పీకరూ మనిషి గొంతూ ఒకటే. గోల్ అంటే అరుపు, అరుపంటే ఎరుపు. సున్నా-సున్నా మ్యాచ్‌నయితే చివరిదాకా నిక్షేపంగా చూపిస్తారు. పోనీ రెండు నిమిషాల్లో కరెంటు ఇచ్చేశాం కదా అంటారేమో, ఒక లెక్క వినండి. 2022 డిసెంబరు 18, అర్జెంటీనాతో ఫ్రాన్సు ఆడిన ప్రపంచకప్ ఫైనల్. ఫ్రాన్సు ఆటగాడు ఎంబాపే 80వ నిమిషంలో పెనాల్టీ కొట్టాడు, ఆ తర్వాత 97 సెకన్లలో రెండో గోల్ కొట్టాడు. మొదటిదానికి అరిస్తే రెండోది గోవిందా! కరెంటు వచ్చినంత మాత్రాన బల్బు ప్రొజెక్టర్ వేడిమీద వెలగదు. ఫ్యాను తిరగాలి, బల్బు చల్లారాలి, తర్వాత లాప్‌టాప్ సిగ్నల్ వెతుక్కోవాలి. అసలు ఫ్యాను తిరగకుండా ఆగిపోతే ఆ వేడికి బల్బు ఆయుష్షే తగ్గిపోతుంది. చెవి ఒక్కటిచ్చి బుర్ర ఇవ్వకుండా నిన్ను గోడకి కొట్టినవాణ్ణి అనాలి. గోల్‌కి అరవకుండా ఫుట్‌బాల్ ఎలా చూడాలో నువ్వే చెప్పు. నోట్లో గుడ్డలు కుక్కుకుని చూడాలా?

వంటగది ప్లగ్గులది వేరే లైను, అక్కడ నీ ఆటలు సాగవు. టీవీని ఫ్రిజ్ మీదకెక్కించి, బిర్యానీ గిన్నె చుట్టూ ఒంటికాలిమీద నిలబడి మిగతా మ్యాచ్ చూశాం. అయితే టీవీ అక్కడికి చేరేలోపే రెండో గోల్ పడిపోయింది. ఆ సంగతి మాకెలా తెలిసిందంటావా? నువ్వు ఎవరి చెవులు కాపాడుతున్నావో ఆ పక్కింటివాళ్ళు వేసిన కేక గోడ దాటొచ్చి వినబడింది.

ఇట్లు,
వంటగది ప్లగ్గునే నమ్ముకున్నవాళ్ళు