మన గుండెల లెక్క మన దగ్గరే తేలాలి

గుండెపోటు వచ్చినప్పుడు దెబ్బతిన్న కండరం నుంచి ట్రోపోనిన్‌ అనే ప్రోటీన్‌ రక్తంలోకి చేరుతుంది. దానితోపాటు మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ కలుస్తాయన్న సంగతికి మాత్రం ప్రయోగశాలల బయట అంత ప్రచారం లేదు. సుమారు 22 న్యూక్లియోటైడ్ల, అంటే ఆర్‌ఎన్‌ఏ అక్షరాల, పొడవుండే ఈ పోగులు ఏ ప్రోటీన్‌నూ తయారు చేయవు. జన్యువు పంపిన ఉత్తర్వులాంటి మెసెంజర్‌ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దాన్ని అమలు కానివ్వవు. ఒక నులిపురుగులో 1993లో వీటి జాడ పట్టిన విక్టర్‌ ఆంబ్రోస్‌, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్‌ బహుమతి దక్కింది.

గుండెలో వీటి పెత్తనం చిన్నది కాదు. మిర్‌-208ఎ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ లేని ఎలుకల్లో, ఒత్తిడి పెరిగినా గుండె కండరం మామూలుగా జరిగేట్టు మందం కట్టలేదని 2007లో తేలింది. మిర్‌-21 అనే మరోదాన్ని అణచివేస్తే గుండెలో పీచు కణజాలం పేరుకోవడం తగ్గిందని 2008లో ఒక బృందం చెప్పగా, అసలు ఆ అణువే లేని ఎలుకల్లోనూ జబ్బు అలాగే ముదిరిందని తర్వాత మరో బృందం చూపింది. ఒక్క ఫలితాన్ని పట్టుకుని పరుగెత్తరాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఈ కోవకే చెందిన మరో రకం చిన్న ఆర్‌ఎన్‌ఏతో చేసిన ఇన్‌క్లిసిరాన్‌ అనే మందు మాత్రం వైద్యంలోకి వచ్చేసింది. మొదటి రెండు మోతాదుల తర్వాత ఆరు నెలలకో సూదితో చెడు కొలెస్ట్రాల్‌ను దాదాపు సగానికి దించుతోంది.

రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలిచి గుండెపోటును పట్టే పరీక్షలు మాత్రం ఇంకా ఈసీజీ, ట్రోపోనిన్‌ల స్థానంలోకి రాలేదు. అందుకు ఒక కారణం రక్తం తీసే తీరులోనే ఉంది. గుండెపోటు రోగికి రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా ఇచ్చే హెపారిన్‌ ఈ పరీక్షకు అడ్డు తగులుతుంది. సీసాలో ఎర్రకణాలు పగిలితే వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బయటపడి లెక్క తప్పుతుంది. ఏ గంటకు, ఏ సీసాలో రక్తం తీశారో, ఎంతసేపటికి కణాల నుంచి ద్రవభాగాన్ని వేరుచేశారో రాసిపెట్టకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా నిజం చెప్పలేదు.

ఈ క్రమశిక్షణకు తిరుపతి తగిన చోటని మా నమ్మకం. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి ఛాతీ నొప్పితో వచ్చేవారిని చూసే స్విమ్స్‌, రుయా ఆసుపత్రులు ఇక్కడున్నాయి. జీవశాస్త్ర పరిశోధన చేసే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్‌ 2015లో ఈ ఊళ్లోనే మొదలై, ఇప్పుడు దగ్గర్లోని ఏర్పేడులో నడుస్తోంది. భారతీయుల్లో సుమారు 4 శాతం మందిలో గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించి ఉన్నాయని, అది గుండె జబ్బు ముప్పును పెంచుతుందని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2009లో వెల్లడించింది. మనవాళ్ల రక్తాన్ని పరీక్షించకుండా అది బయటపడేది కాదు. పరాయి దేశాల రోగులపై కట్టిన కొలమానాలను ఇక్కడ సరిచూడకుండా వాడటం ప్రమాదకరం.

కాబట్టి ఆసుపత్రులు, ఐసర్‌ కలిసి హృద్రోగుల రక్త నమూనాల నిధిని ఏర్పాటు చేయాలని, మైనస్‌ 80 డిగ్రీల శీతలీకరణకూ శిక్షణ పొందిన సిబ్బందికీ రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు నిధులివ్వాలని కోరుతున్నాం. నొప్పితో ఉన్న మనిషి చేత హడావుడిగా సంతకం పెట్టించడం కాకుండా, చికిత్స అయ్యాక తెలుగులో వివరించి అనుమతి తీసుకోవాలి. వద్దన్నవారి నమూనాను పారవేయాలి, వారి వైద్యంలో ఏ తేడా రానివ్వకూడదు.