వాడకం తక్కువైతే సిగ్నల్ ఆపేస్తారా?

రాత్రిపూట టవర్లలోని రేడియోలను, అంటే సిగ్నల్ పంపే పరికరాలను, నిద్రపుచ్చి కరెంటు ఆదా చేస్తున్నామని టెలికాం కంపెనీలు గొప్పగా చెప్పుకుంటున్నాయి. ఆదా మంచిదే. దేశంలో 8 లక్షలకు పైగా మొబైల్ టవర్లున్నాయి. నెట్‌వర్క్ వాడే మొత్తం విద్యుత్తులో ముప్పాతిక వంతు దాకా ఈ టవర్ల మీది రేడియో పరికరాలకే పోతుంది. ఊరంతా పడుకున్నా, ఒక్క కాల్ లేకున్నా 4జీ రేడియో తాను ఉన్నానని చెప్పే సంకేతాలను ఆపకుండా పంపుతూనే ఉంటుంది. ఈ దుబారా తగ్గాల్సిందే. అయితే ఏ టవర్‌ను ఎప్పుడు నిద్రపుచ్చాలో దేన్ని చూసి నిర్ణయిస్తున్నారన్నదే మా ఆందోళన.

చూసేది వాడకాన్నే. రద్దీ ఒక స్థాయికి పడిపోతే సాఫ్ట్‌వేర్ ఆ సెల్‌ను, అంటే టవర్ మీది ఒక రేడియో సిగ్నల్ అందించే ప్రాంతాన్ని, ఆపేస్తుంది. రాత్రి రెండు గంటలకు మాదాపూర్‌లో ఇది సరైన పనే. అక్కడ 2300, 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు (సిగ్నల్ ప్రయాణించే తరంగాల శ్రేణులు) రద్దీని మోస్తాయి. 850, 900 బ్యాండ్లు దూరాలకూ, గోడల లోపలికీ సిగ్నల్ అందిస్తాయి. మొదటివి ఆపినా రెండోవి పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి ఫోన్ మోగుతుంది. మరి పాడేరు, చింతపల్లి కొండల్లోనో, ఏటూరునాగారం అడవుల్లోనో ఊరికి దిక్కుగా ఉన్న ఒకే ఒక్క టవర్ మాటేమిటి? అక్కడ పగలే రద్దీ ఉండదు. వాడకమే కొలమానమైతే కోత మొదట పడేది ఆ టవర్ మీదే.

వాడకం తక్కువంటే అవసరం తక్కువని కాదు. అర్ధరాత్రి పాము కరిచిన రైతు చేసేది ఒక్క కాలే, అది 108కి. నొప్పులు పడుతున్న గర్భిణి ఇంట్లోవాళ్లు ఆశా కార్యకర్తకు చేసేదీ ఒక్క కాలే. పొలంలో మోటారును ఫోన్‌తో ఆన్ చేసే మొబైల్ స్టార్టర్ వాడేది రవ్వంత డేటా. వేకువనే వేటకు బయల్దేరే మత్స్యకారుడికి తుపాను హెచ్చరిక ఒక్క మెసేజ్. కంపెనీ గ్రాఫులో ఇవేవీ కనిపించవు. కనిపించనంత మాత్రాన వీటిని లేనట్టు లెక్కేస్తారా?

అవసరమైతే సెల్ క్షణాల్లో మేలుకుంటుందని, కస్టమర్‌కు తేడాయే తెలియదని కంపెనీలంటాయి. నగరంలో నిజమే. పక్కన ఇంకో బ్యాండ్ మేలుకొని ఉండి, రద్దీ పెరగడం చూసి నిద్రపోయినదాన్ని లేపుతుంది. చుట్టుపక్కల ఏ సిగ్నలూ లేనిచోట ఫోన్ దేన్ని లేపుతుంది?

నిబంధనలు కాపాడతాయనుకోవడానికీ లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనల ప్రకారం సెల్స్ పనిచేయని సమయం 2 శాతం దాటకూడదు. 30 రోజుల నెలకు అది 14 గంటల పైచిలుకు. రాత్రికి నాలుగు గంటలు ఆపితే ఒక టవర్ నాలుగో రాత్రికే ఆ గీత దాటుతుంది. కానీ లెక్క కట్టేది సర్కిల్, అంటే టెలికాం సేవల ప్రాంతం, మొత్తానికి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణతో కలిపి రెండు రాష్ట్రాలు! అంత పెద్ద సగటులో ఒక గూడెం చీకటి ఎవరికి కనిపిస్తుంది? పరిహారమూ అంతే. జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవలు ఆగితేనే అది వర్తిస్తుంది. రోజూ రాత్రి ఆగి తెల్లారి వచ్చే సిగ్నల్‌కు పైసా రాదు. 2024 జూలైలో చార్జీలు పెంచినప్పుడు మాత్రం వాడకం తక్కువని ఏ గూడేన్నీ వదల్లేదు. రీచార్జి అందరికీ ఒకటే.

పర్యావరణం మీద అంత ప్రేమే ఉంటే చేయాల్సిన పని ఎప్పటి నుంచో పెండింగ్‌లో ఉంది. గ్రామీణ టవర్లలో సగం 2015 నాటికి, 75 శాతం 2020 నాటికి సౌర, పవన విద్యుత్తు వంటివాటిని కలుపుకొని నడవాలని టెలికాం శాఖ 2012లోనే ఆదేశించింది. రెండు గడువులూ దాటిపోయాయి. డీజిల్ జనరేటర్లు ఇంకా మోగుతున్నాయి. పెట్టుబడి కావాల్సిన పనిని పక్కనపెట్టి, స్విచ్ ఆపితే అయిపోయే పనికి హరిత ముద్ర వేసుకోవడం మోసం.

నిజానికి ఈ నిద్రపుచ్చే టెక్నాలజీ అత్యవసరమైన సమయం వేరే ఉంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పుడు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద విజయవాడను ముంచినప్పుడు ఫోన్లు మూగబోయాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం కరెంటు పోతే కొన్ని గంటల్లోనే టవర్ల బ్యాటరీలు అయిపోయాయి. అలాంటప్పుడు 5జీ బ్యాండ్లను ఆపి, మిగిలిన బ్యాటరీతో 900 మెగాహెర్ట్జ్‌లో వాయిస్ కాల్స్‌ను వీలైనంత ఎక్కువసేపు నిలబెట్టవచ్చు. ఆదా అంటే అది.

ఏ టవర్‌లో ఏ బ్యాండ్‌ను ఏ గంటల్లో ఆపుతున్నారో కంపెనీలు కవరేజీ మ్యాపుల్లోనే చూపించాలి. వేరే సిగ్నల్ అందని చోట నిద్రపుచ్చడాన్ని ట్రాయ్ నిషేధించాలి, కరెంటు ఆదా కోసం ఆపిన ప్రతి నిమిషాన్నీ టవర్‌వారీగా డౌన్‌టైమ్‌లో (పనిచేయని సమయంలో) లెక్కించాలి. కంపెనీలు పంపే సగటు లెక్కలపై ముద్ర వేస్తూ కూర్చోవడానికి నియంత్రణ సంస్థ ఎందుకు? అధికారులు ఒక్క రాత్రి చింతపల్లిలో బస చేసి, అత్యవసర నంబర్ 112కి కాల్ కలుస్తుందో లేదో స్వయంగా చూడాలి.