ఎవరో బెల్లు కొడుతున్నారు

సైకిలు గోడ మీంచి జారి పడింది, బ్రేక్ లివరు సగానికి విరిగింది. అతికించినా నిలిచేది కాదు, నిలిచినా నమ్మేది కాదు. కొత్తది తెప్పించాను. ప్యాకెట్ మీద ‘అన్ని సైకిళ్లకూ సరిపోతుంది’ అని బొద్దక్షరాల్లో ఉంది. ఇంట్లో అలెన్ కీ ఉంది, ఆ రోజు సెలవు కూడా. ఇంకేం కావాలి?

వీడియో కూడా చూశాను. అందులో ఆయన నవ్వుతూ ‘ముందుగా గ్రిప్ తీసేయండి’ అన్నాడు, అంటే హ్యాండిల్ చివర పట్టుకునే రబ్బరు తొడుగు. తెర ఒకసారి మిణుక్కుమంది, గ్రిప్ మాయం. ఆ మిణుకులో ఆయన ఎంతసేపు గింజుకున్నాడో ఎవడికి తెలుసు?

నా లివరు బిగించే పట్టీ మూసి ఉన్న రింగు. బోల్టు వదులు చేసినా హ్యాండిల్ చివరి నుంచి జార్చి తీయాల్సిందే. ఆ చివర గ్రిప్ కూర్చుని ఉంది. హ్యాండిల్ గొట్టం వ్యాసం 22.2 మిల్లీమీటర్లు, గ్రిప్ కన్నం అంతకంటే పిసరంత తక్కువ. తిరగకుండా ఉండాలని కావాలనే అలా చేస్తారు. సరే. కానీ విరిగేది లివరైతే పీకాల్సింది గ్రిప్‌నా? ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడు జన్మలో ఒక్క లివరైనా మార్చి ఉండడు.

సన్నని స్క్రూడ్రైవర్ దూర్చి, సందులో సబ్బు నీళ్లు పోసి, మెలితిప్పడం మొదలుపెట్టాను. బొటనవేలు అందే చోటే కదా బెల్లు పెడతారు! మెలి తిప్పినప్పుడల్లా ట్రింగ్. బెల్లు ముందే తీసేయొచ్చుగా అనకండి, దాని స్క్రూ తుప్పు పట్టి ఎప్పుడో గుండ్రంగా అరిగిపోయింది.

‘ఎవరో బెల్లు కొడుతున్నారు, చూడండి’ అని లోపలి నుంచి మా ఆవిడ. ‘నేనే’ అన్నాను. ట్రింగ్. ‘ఎవరండీ?’ ‘నేనే!’ ట్రింగ్. ఈ సంభాషణ ఇలా ఎంతసేపు సాగేదో గానీ, మధ్యలో మా అత్తగారు లేచారు. ఆవిడకు చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి, కళ్లజోడు మాత్రం ఎక్కడ పెట్టారో గుర్తుండదు. తలుపు తీసేసరికి ఎదురుగా ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, చేతుల నిండా నురగతో ఒక మనిషి.

‘మా అల్లుడు ఇంట్లో లేడు బాబూ, తర్వాత రా’ అన్నారు.

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే గ్రిప్ ఫట్‌మని ఊడింది. అంతసేపూ పట్టిన పట్టంతా ఒక్కసారిగా వదిలేసరికి వెనక్కి వెళ్లి సబ్బు నీళ్ల బకెట్లో కూర్చున్నాను. పైన సైకిలు. అంత గొడవలోనూ పడుతూ పడుతూ అది మళ్లీ ట్రింగ్‌మంది. అత్తగారు ‘ఏం మనుషులో!’ అని తలుపు వేసి గడియ పెట్టేశారు.

కాళ్లు బకెట్ బయట, మిగతాది లోపల. లేవాలంటే సైకిలు తీయాలి, సైకిలు తీయాలంటే లేవాలి. అరిస్తే పక్కింటివాళ్లు వస్తారని పరువు కోసం చూసుకుని, అందుబాటులో ఉన్న బెల్లే కొట్టాను. మర్యాదగా ఒకసారి, తర్వాత ఆపకుండా. లోపలి నుంచి స్పష్టంగా వినిపించింది: ‘నువ్వు కూర్చో అమ్మా, అది సైకిలు బెల్లే. ఆయన రిపేరు చేస్తున్నారు.’

ఎలాగో లేచాను, వివరాలు అనవసరం. కేబుల్ బిగువు సరిచేసే మర అడ్జస్టర్, దాని లాక్ రింగు, లివరు, ఈ మూడింటి గాట్లూ ఒకే వరుసలోకి తిప్పితే కేబుల్ పక్క నుంచి బయటికొస్తుంది. వచ్చింది. వీడియోలో చెప్పిందాంట్లో చెప్పినట్టు జరిగింది ఇదొక్కటే. కొత్త లివరు ఎక్కించి, గ్రిప్ తోసి, బ్రేకు నొక్కాను. లివరు వచ్చి గ్రిప్‌కు ఆనుకుంది. బ్రేక్ షూలు మాత్రం రిమ్ దాకా రాలేదు. అడ్జస్టర్ ఎంత తిప్పినా అంతే.

ప్యాకెట్ లోపల మడతపెట్టిన చిన్న కాగితం ఒకటి దొరికింది. ఈ లివరు మామూలు కాలిపర్ బ్రేకులకేనట, వీ-బ్రేకులకు పనికిరాదట. నిజమే, వీ-బ్రేకుకు లివరు ఇంచుమించు రెట్టింపు కేబుల్ లాగాలి. నాది వీ-బ్రేకు. ఆ ముక్క ప్యాకెట్ పైన వేయడానికి చోటు చాల్లేదు కాబోలు, పైన ‘అన్ని సైకిళ్లకూ’ పరుచుకుని ఉంది కదా. వెనక్కి పంపుదామని ప్యాకెట్ తిప్పి చూశాను. ‘తెరిచిన ప్యాకెట్ వాపసు తీసుకోబడదు.’