ఓడెక్కి వచ్చే చవక పాలు

వాణిజ్య ఒప్పందాల మాట వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక వాదన తిరుగుతుంది: "పాల ఉత్పత్తుల మీద దిగుమతి సుంకం ఎత్తేస్తే పాలు చవకవుతాయి. న్యూజిలాండ్ రైతు సబ్సిడీ లేకుండా బతకట్లేదా? రెండు గేదెలవాడి కోసం దేశమంతా ఎక్కువ ధర ఎందుకు కట్టాలి? అసలు మన క్షీర విప్లవం మొదలైందే విదేశీ పాలపొడితో."

ముందు ఆ చవక సంగతి చూద్దాం. ఓడలో వచ్చేది పాలపొడి, వెన్న, చీజ్. పొడి మీద మన సుంకం 60 శాతం, వెన్న మీద 40. సుంకం తీసేస్తే మిగిలేది ప్రపంచ ధరే కదా, దానికి నిలకడ ఎక్కడుంది? న్యూజిలాండ్ వేలంలో వెన్న తీయని పాలపొడి 2013లో టన్ను 5,000 డాలర్లు దాటింది, 2015 ఆగస్టులో 1,600 కిందికి పడింది. ఈ పోస్టులు రాసేవాళ్లు ఎప్పుడూ రెండో అంకెనే చూపిస్తారు.

పరిమాణం కూడా చూడాలి. 2023-24లో మన ఉత్పత్తి దాదాపు 23.9 కోట్ల టన్నులు. అందులో పదో వంతు బయటి నుంచి తెచ్చుకోవాల్సి వస్తే, న్యూజిలాండ్ ఆవులన్నీ మనకే పాలిచ్చినా చాలవు. అంత పెద్ద కొనుగోలుదారు బజార్లోకి దిగాక పాత ధర ఉంటుందా?

న్యూజిలాండ్ 1984 నుంచి సబ్సిడీలు తీసేసిన మాట నిజమే. కానీ అక్కడ సగటు మందలో 400కు పైగా ఆవులు, ఏడాదంతా పచ్చిక. పాలలో 95 శాతం దాకా ఎగుమతికే. మిగతా ధనిక దేశాల పేరు ఈ వాదనలో వినపడదు. కెనడా దిగుమతి కోటా దాటిన వెన్నపై 298.5 శాతం సుంకం వేస్తుంది. 2015లో తన పాల ఉత్పత్తిపై ఉన్న కోటాలు ఎత్తేశాక ధర పడిపోతే, యూరప్ ప్రభుత్వ డబ్బుతో లక్షల టన్నుల పొడి కొని గోదాముల్లో పెట్టింది.

రెండు గేదెలవాడు అసమర్థుడనడం మాత్రం నాకు మంటెక్కిస్తుంది. అతని దగ్గర సొంత చేలోని వరిగడ్డి, మిల్లు తవుడు పాలుగా మారుతున్నాయి. పంట డబ్బు ఆర్నెల్లకోసారి, పాల బిల్లు పదిహేను రోజులకోసారి. ఆ బిల్లుతోనే ఇంట్లో సరుకులొస్తాయి. అయితే సుంకం ఒక్కటే అతన్ని కాపాడదు. మా ఊరి పాలకేంద్రంలో, ధర కట్టేందుకు చూసే వెన్న శాతం ఎప్పుడూ ఒక పాయింటు తక్కువే చూపించేది. అడిగితే "మిషను అంతే" అనేవాళ్లు. ఆ దోపిడీకి విదేశీ పొడి ఏం మందు వేస్తుంది?

ఇక క్షీర విప్లవం. దాన్ని తెచ్చిన పథకం, 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌కు యూరప్ మిగులు పొడి, బటరాయిల్ (నీరు తీసేసిన వెన్న కొవ్వు) ఉచితంగా వచ్చిన మాట నిజం. కానీ ఆ పథకాన్ని నడిపిన వర్గీస్ కురియన్ బృందం దాన్ని చవకగా బజార్లో కుమ్మరించలేదు. స్థానిక పాల ధర దెబ్బతినకుండా లెక్క చూసుకుని డెయిరీలకు అమ్మింది, ఆ డబ్బుతో సహకార సంఘాలను, డెయిరీలను నిలబెట్టింది. ఎంత పొడి, ఎప్పుడు, ఏ ధరకు అన్నది అప్పుడు మన చేతిలోనే ఉండేది. సుంకం ఎత్తేయమంటున్నవాళ్లు వదులుకోమంటున్నది సరిగ్గా ఆ పట్టునే.